మంత్రిగారి బంతిలో చిక్కుడుకాయ కూర

నాకు ఎదురుగా కూర్చున్న నాలుగేళ్ల పాప విస్తట్లో కూర వైపు చెయ్యి చాపింది. పక్కనే ఉన్న తల్లి ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, నెమ్మదిగా వెనక్కి తీసి, పాప ఒళ్లోనే పెట్టింది. కొట్టలేదు, కసరలేదు. తర్వాత మంత్రిగారి వైపు చూసి నవ్వింది.

ఏదో తేడా వచ్చిందని నాకు తెలిసింది ఆ క్షణంలోనే. నేనూ ఇద్దరు పిల్లల తల్లిని. ఆకలిగా ఉన్న పిల్ల చేతిని ఏ తల్లీ ఊరికే ఆపదు. బంతి పొడవునా చూశాను. రెండు వందల మంది, రెండు వందల అడ్డాకుల విస్తళ్లు, అన్నం మీద ఆవిరి. ఒక్కరి చెయ్యీ విస్తట్లో లేదు.

మా మంత్రిగారికి ఒక అలవాటు ఉంది. ఊళ్లో బంతి భోజనానికి కూర్చుంటే, అందరూ మొదలుపెట్టేదాకా తాను ముద్ద ఎత్తరు. ఆమె వాళ్ల కోసం ఆగారు. వాళ్లేమో ఆమెనే చూస్తూ కూర్చున్నారు. భోజనం కాగానే వాగు మీద వంతెన గురించి గ్రామసభ జరగాలి. ఆ భోజనంలో ఏం పెట్టాలో నిర్ణయించింది నేను.

మిగతాది తర్వాత చెప్తాను. ముందు నేనెవరో చెప్పాలి.

ముప్పై నాలుగేళ్లకే రిటైర్మెంట్

ఎనిమిదేళ్లు ఒక రాజకీయ నాయకురాలి దగ్గర పనిచేశాను. నేను చేరినప్పుడు ఆమె ఎమ్మెల్యే, తర్వాత మంత్రి అయ్యారు. ఏ పార్టీయో ఏ శాఖో రాయను. రాస్తే మీరు మనిషిని వదిలేసి పార్టీని చదువుతారు. రాజకీయాల్లోకి రాకముందు ఆమె జూనియర్ కాలేజీలో బోటనీ లెక్చరర్. అందరం మేడమ్ అనేవాళ్లం. ఇప్పుడు ఆమెకు పదవి లేదు, కాబట్టి నాకు పని లేదు. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లకు శాలువాలు, వీడ్కోలు సభలు ఉండవు. ఆఫీసు బీరువాలో ఉన్న టిఫిన్ డబ్బా, గొడుగు సంచిలో వేసుకుని షేర్ ఆటోలో ఖమ్మం ఖానాపురం హవేలిలోని మా ఇంటికి వచ్చేశాను. అదే నా రిటైర్మెంట్.

పోయిన వారం కొత్త మంత్రిగారి ఆఫీసులో చేరిన ఇద్దరు అమ్మాయిలు ఫోన్ చేశారు. "అక్కా, టూర్లు, అర్జీలు మాకే ఇచ్చిండ్రు. ఏం చేయాల్నో ఎవ్వరు చెప్తలేరు" అన్నారు. నాకూ అప్పట్లో ఎవరూ చెప్పలేదు. అందుకే పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. మధ్యలో లేచి మా చిన్నోడి నుదురు తాకి చూసి వస్తున్నాను. జ్వరమేమీ లేదు. అయినా చూస్తాను.

ఈ భయం వల్లే నేను ఆ పనిలో నిలబడ్డాననుకుంటాను. వాన వస్తే ఏం చేయాలి, మైకు పోతే ఏం చేయాలి, వేదిక మీద మేడమ్‌కు దగ్గు వస్తే నీళ్లు ఎవరు అందించాలి? ధైర్యవంతులకు ఇవి తోచవు. భయపడే మనిషికి ముందు రోజే తోస్తాయి. మీరు భయస్థులైతే సిగ్గుపడకండి. భయాలన్నీ కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోండి. టూర్ ప్రోగ్రాం అంటే అంతకంటే ఏమీ లేదు.

ఇంకొక మాట. మీ ఫోన్‌లో బడి నంబరుకు ఒక మోత, మంత్రి నంబరుకు ఒక మోత పెట్టుకోండి. రెండూ ఒకేసారి మోగితే ఏది ఎత్తాలో ముందే నిర్ణయించుకోండి. నేను బడిదే ఎత్తేదాన్ని. మేడమ్‌కు ఆ సంగతి తెలుసు. ఆమె రెండు నిమిషాలాగి మళ్లీ చేసేవారు.

అర్జీ ఇచ్చి వెనక్కి తిరిగినప్పుడు

సోమవారాలు ఖమ్మం క్యాంపు ఆఫీసులో అర్జీలు తీసుకునేదాన్ని. కాగితంలో ఉండేది బయట కూర్చుని రాసిచ్చేవాళ్ల భాష. అన్నీ ఒకేలా మొదలవుతాయి, ఒకేలా ముగుస్తాయి. అసలు సంగతి మనిషి కాగితం ఇచ్చేసి, వెనక్కి తిరిగి, రెండు అడుగులు వేశాక బయటికి వస్తుంది. "ఇంకొకటి బిడ్డా..." అని ఆగుతారు. అప్పుడు పెన్ను పట్టుకోండి. పింఛను కోసం వచ్చిన ముసలమ్మ అలా తిరిగి, కోడలు మాట్లాడటం లేదని చెప్పింది. దానికి ప్రభుత్వంలో ఏ శాఖా లేదు. అయినా వినాలి.

వేంసూరు నుంచి ఒక రైతు ట్రాన్స్‌ఫార్మర్ కోసం వారం వారం వచ్చేవాడు. చివరికి ఎలాగో వేయించాం. తర్వాతి సోమవారం కూడా ఆయన వరుసలో నిలబడ్డాడు.

"ఏంది పెదనాన్నా, మళ్లీ కాలిపోయిందా?"

"లేదమ్మా, బ్రహ్మాండంగా ఉంది. రానప్పుడు రాలేదని వందమందిమి వచ్చి చెప్తాం. వచ్చిందని చెప్పేవాడు ఒక్కడన్నా ఉండాలి గదా. అందుకని వచ్చా."

ఎనిమిదేళ్లలో అలా వచ్చినవాడు ఆయన ఒక్కడే. అలాంటి మనిషి కోసం ఎదురుచూస్తూ ఈ పని చేయకండి. వస్తే మాత్రం టీ తాగించి పంపండి.

వేరే వాళ్ల పెళ్లిలో అక్షింతలు

రాజకీయ నాయకుల బతుకు శాసనసభలో గడుస్తుందని చదువుకునే రోజుల్లో అనుకునేదాన్ని. ఎక్కువ భాగం ఫంక్షన్ హాళ్లలో గడుస్తుంది. ముహూర్తాల రోజుల్లో మేడమ్ ఒక్క రోజే ఎనిమిది, తొమ్మిది పెళ్లిళ్లకు వెళ్లేవారు. వైరాలో పక్కపక్కనే రెండు హాళ్లలో రెండు పెళ్లిళ్లు. నేను హాలు పేరు తప్పు రాశాను. మేడమ్ లోపలికి వెళ్లి, అక్షింతలు వేసి, ఫోటో దిగి, పెళ్లికూతురి తల్లిని ఆలింగనం చేసుకుని, "మీ నాన్న నాకు మొదటి ఎన్నికల నుంచి అండగా ఉన్నడమ్మా" అని పెళ్లికూతురితో అన్నారు. ఆ నాన్న మేడమ్‌కు ఎన్నడూ ఓటు వేయలేదని తర్వాత తెలిసింది.

అసలు పెళ్లివారు పక్క హాల్లో బ్యాండుతో ఎదురుచూస్తున్నారు. నేను చెమటలు కక్కుతూ చెప్తే మేడమ్ కారు ఎక్కకుండా గోడ పక్క సందులోంచి నడిచి రెండో హాల్లోకి వెళ్లారు. ఆ తర్వాత మొదటి పెళ్లి ఇంటి ఆయన మా ఆఫీసుకు వచ్చి, "పిలవకున్నా వచ్చిన మంత్రిని మా ఇంట్ల ఎవరూ చూడలె" అని ఒక బుట్ట బత్తాయిలు ఇచ్చి వెళ్లాడు. అది పొరపాటని ఆయనకు నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

ఇద్దరు పై అధికారులు

మేడమ్ గురించి ఉన్నదున్నట్టు రాస్తాను. దండలంటే ఆమెకు ఇష్టం. ఇష్టం లేదని అనేవారు, కానీ తీసేటప్పుడు నెమ్మదిగా తీసేవారు. మాట త్వరగా ఇచ్చేస్తారు. "చూద్దాం" అనాల్సిన చోట "అయిపోతది పో" అనేవారు. దాన్ని అయ్యేలా చూడటానికి మేం పరిగెత్తేవాళ్లం. ఎవరి పేరైనా మరిచిపోతే నన్ను తిట్టేవారు. కానీ ఆమె బల్ల మీద ఫైలు రాత్రికి ఉండేది కాదు. నిజం చెప్తే ముందు కోప్పడి తర్వాత వినేవారు. చాలామంది పెద్దవాళ్లు మొదటి సగం దగ్గరే ఆగిపోతారు.

రెండో ఆయన పీఎస్ సార్. మంత్రిగారి ప్రైవేట్ సెక్రటరీ, ప్రభుత్వ ఉద్యోగంలో తల నెరిసిన మనిషి. ఆయన నేర్పిన మొదటి పాఠం: "సరితా, పొరపాటు జరిగితే అది గాల్లోంచి ఊడిపడ్డట్టు ఉండాలె. ఎవరి చేతి నుంచి పడ్డదో కనపడొద్దు." మొదట్లో ఆయన పిరికివాడనుకున్నాను. చాలా కాలం క్రితం ఎవరో చేసిన తప్పు నెత్తిన పడి మారుమూలకు బదిలీ అయ్యారని, భార్యకు పురుడు వచ్చినప్పుడు కూడా సెలవు దొరకలేదని తర్వాత తెలిసింది. ఆయన మమ్మల్ని కాపాడటానికే అలా చెప్పేవారు. అయినా ఆ పాఠం తప్పే అంటాను. ఎందుకో చెప్పాలంటే ఆ బంతి దగ్గరికి తిరిగి వెళ్లాలి.

ఆ మధ్యాహ్నం

ఊరు భద్రాచలం దాటాక అడవిలో ఉంది. కోయవాళ్ల ఊరు. ఊరికీ రోడ్డుకీ మధ్య ఒక వాగు. వానాకాలంలో నొప్పులొచ్చిన ఆడవాళ్లను మంచం మీద మోసుకుని, నడుం లోతు నీళ్లలో దాటించేవాళ్లు. మేడమ్ ఆ వాగు మీద వంతెన మంజూరు చేయించారు. ఏజెన్సీ ఊళ్లలో గ్రామసభ ఒప్పుకోనిదే పని మొదలుపెట్టడానికి వీల్లేదు. ఊరు చేతులెత్తకపోతే ఆ వంతెన ఇంకో వాగుకు వెళ్లిపోతుంది. కావాలని అడిగేవాళ్లకు కొదవ లేదు.

చలి మొదలైన రోజులు. అంగన్‌వాడీలో పనిచేసే జోగమ్మకు ముందే ఫోన్ చేశాను. "మీ ఊళ్లో చిక్కుడుకాయ తింటరా?" అంటే, "ఎందుకు తినం మేడం, మస్తు తింటం" అంది. మేడమ్‌కు చిక్కుడుకాయ టమాటా ఇష్టం. వైరా మార్కెట్ నుంచి బస్తాల్లో తెప్పించి, వంటవాళ్లను ఖమ్మం నుంచి తీసుకెళ్లాను. కాగితం మీద భోజనం అన్న మాటను సంతోషంగా కొట్టేశాను.

ఆ పాప చేతిని తల్లి వెనక్కి తీసిన తర్వాత, నా ఎడమ పక్కన కూర్చున్న జోగమ్మ వైపు వంగాను.

"జోగమ్మా, ఎవరూ తింటలేరేంది?"

"మీరు తినుర్రి మేడం. మాకు చిక్కుడు కొత్త కాలేదు."

కొత్తగా కాసిన పంట ఏదైనా ముందు ఊరి దేవతకు, చనిపోయిన పెద్దలకు పెడతారు. ఆ పండగే కొత్త. అది అయ్యేదాకా ఊళ్లో ఎవరూ ఆ పంటను నోట పెట్టరు. చిక్కుడు కొత్తకు ఇంకా తొమ్మిది రోజులుంది.

"మొన్న ఫోన్ల తింటమన్నవ్ గదా!"

"తింటం. పండగైనంక."

"మరి వడ్డించేటప్పుడు వద్దనొచ్చు గదా?"

"మంత్రమ్మ పిలిచి పెడుతుంటే వద్దంటమా? మర్యాద ఉండొద్దా?"

తింటారా అని అడిగాను. ఎప్పుడు తింటారని అడగలేదు. నాకు తెలియని సంగతా ఇది? మా లంబాడీ తండాలో తీజ్ పండగ తొమ్మిది రోజులు పెళ్లికాని ఆడపిల్లలం ఉప్పూ కారం లేని చప్పిడి తిండి తినేవాళ్లం. ఆ రోజుల్లో ఎవరైనా మా ముందు ఆవకాయ పెట్టి "తినమ్మా" అంటే మేమూ ఇలాగే చేతులు ఒళ్లో పెట్టుకునేవాళ్లం.

ఈలోగా మా పార్టీ మండల నాయకుడు మేడమ్ చెవి దగ్గర వంగాడు. గుసగుస అనుకుని చెప్పాడు గానీ సగం బంతికి వినపడింది.

"మేడమ్, ఇది అవతలి పార్టీ పని. మీ అన్నం ముట్టొద్దని నూరిపోసిండ్రు. ఇద్దరు పోరగాళ్లున్నరు, నాకు ఎరుకే."

వెనక నిలబడ్డ సీఐ గారు జేబులోంచి పుస్తకం తీశారు. "పేర్లు చెప్పు." నాయకుడు చెప్పాడు. ఆయన రాసుకున్నారు.

మేడమ్ చేతి గాజులు పైకి తోసుకున్నారు. అంటే కోపం వచ్చింది. ఆమె ఇప్పుడు లేచి కారెక్కితే వంతెన పోయినట్టే. పీఎస్ సార్ నా వెనక గొంతుక్కూర్చున్నారు. ఉన్న సంగతి చెప్పాను.

"నోరు మూసుకొని కూసో" అన్నారాయన. "మేడమ్‌కు తలనొప్పని చెప్పి లేపుదాం. సభ వాయిదా. నీ పేరు రాదు, నా పేరు రాదు."

"ఆ ఇద్దరు పిల్లల పేర్లు అప్పుడే పుస్తకంల పడ్డయ్ సార్" అన్నాను.

నేను లేచి నిలబడ్డాను. బంతి మధ్యలో లేవడం ఎంత తప్పో నాకు తెలుసు.

"మేడమ్, కూర నాది."

"ఏంది?"

"చిక్కుడుకాయ నేనే పెట్టించిన. వీళ్లకు కొత్త పండగ కాలేదు, అప్పటిదాకా తినకూడదు. మీరు పిలిచిండ్రని కూసున్నరు, అంతే. ఎవరూ ఏం నూరిపోయలె. నేను అడగలె, నాదే తప్పు."

మేడమ్ నన్ను చూశారు. నాయకుణ్ని చూశారు. తర్వాత విస్తట్లోంచి ఒక చిక్కుడు ముక్క రెండు వేళ్లతో ఎత్తి, కాలేజీలో స్లయిడు చూపించినట్టు ఊరి పెద్ద అయిన పటేల్‌కు చూపించారు.

"పటేలా, ఇది మీ ఊళ్లో కాసింది కాదు. వైరా మార్కెట్‌ది. అయినా తప్పేనా?"

పటేల్ ఆ ముక్క వైపు చూశాడు. "చిక్కుడు ఏడ కాసినా చిక్కుడే గదమ్మా. నువ్వు వైరల ఉంటే ఒక మంత్రివి, ఈడికొస్తే ఇంకో మంత్రివా?"

ముందు జోగమ్మ నవ్వింది. తర్వాత బంతంతా నవ్వింది. ఇన్నేళ్లు బోటనీ చెప్పిన మేడమ్ కూడా నవ్వారు.

"పొద్దుగాల నుంచి ఏం తినలె నేను. అన్నమన్నా తినొచ్చా?"

"అన్నం కొత్త ఎప్పుడో అయింది. తినుర్రి. కూర తగిలిన విస్తరి మాత్రం వద్దు."

విస్తళ్లు తీసేశారు. ఊరి ఆడవాళ్లు గబగబా కొత్త ఆకులు కుట్టారు, చింతపండు చారు కాచారు, మిరపకాయలు కాల్చి పచ్చడి నూరారు. మధ్యాహ్నం మూడు దాటాక అందరం తిన్నాం. ఆ పాప రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. కూర గిన్నెలు పోలీసు జీపెక్కాయి. సీఐ గారి పుస్తకంలో ఆ కాగితాన్ని మేడమ్ స్వయంగా అడిగి చింపించారు.

సభ మాత్రం జరగలేదు. పటేల్ ఒప్పుకోలేదు.

"ఈయాళ తప్పు జరిగింది. తప్పు జరిగిన రోజు మా ఊరు మాట ఇయ్యదు. పండగ నాడు రాండ్రి. మాతోని కూసోని చిక్కుడు తినుర్రి, అప్పుడు చేతులెత్తుతం." తర్వాత నన్ను చూపించాడు. "ఈ బిడ్డ కూడా రావాలె. పెట్టింది ఆమెనే గద."

మేడమ్ "వస్తం" అన్నారు. మంత్రులు అనే "వస్తం" ఎన్ని గాల్లో కలిసిపోయాయో టూర్ పుస్తకం రాసే నాకు తెలుసు. కారు పాల్వంచ దాటింది.

"సిగ్గు తీసినవ్ సరితా" అన్నారు మేడమ్ చివరికి.

"అవ్ మేడమ్."

ఇంకాస్త దూరం పోయాక తనలో తాను నవ్వుకున్నారు. "ఇంకో మంత్రివా అన్నడు చూడు!"

పీఎస్ సార్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగారు. "ఆ రోజు హైదరాబాద్‌ల మీటింగ్ ఉంది మేడమ్."

"జరపండి."

టూర్ పుస్తకంలో ఎప్పుడూ పెన్సిల్‌తో రాస్తాం, మార్చుకోవడానికి వీలుగా. ఆ తేదీని పెన్నుతో రాశాను. పీఎస్ సార్ అది చూశారు. ఆ వారమే టూర్ కాగితంలో ఆయన తన చేత్తో ఒక కొత్త వరుస చేర్చారు: ఊళ్లో ఇప్పుడు ఏం తినరు, ఏం చేయరు, ఎవరిని అడిగారు.

పండగకు వెళ్లాం, తిన్నాం, ఊరు చేతులెత్తింది. మేం పదవి దిగేనాటికి వంతెన మీద ఆటోలు తిరుగుతున్నాయి. బస్సు ఇంకా రాలేదని జోగమ్మ నాకే ఫోన్ చేసి తిడుతోంది. ఆ సంగతి కొత్తగా చేరిన మీ ఇద్దరికీ అప్పగిస్తున్నాను.

తప్పు మీదైతే, దానికి ఇంకొకరి పేరు పడకముందే చెప్పేయండి. ఆలస్యమైతే చెప్పినా పనికిరాదు. ఉద్యోగం పోదని నేను హామీ ఇవ్వలేను. నాది పోలేదు, అంతే.

ఒక్కటి మిగిలింది. ఆ తేదీ పెన్నుతో రాస్తున్నప్పుడే అది మా పెద్దమ్మాయి అమ్ములు బడి వార్షికోత్సవం రోజని నాకు గుర్తుంది. నెల రోజులుగా డాన్స్ నేర్చుకుంటోంది. ముందు వరుసలో కూర్చుంటానని మాటిచ్చాను. మర్నాడు పొద్దున జడ వేస్తూ చెప్పాను.

"అమ్ములూ, నీ డాన్స్ రోజు నేను ఊళ్లో ఉండను. నాన్న వస్తడు."

జడ నా చేతిలోంచి లాక్కుంది. "ఏడికి పోతున్నవ్?"

"అడవిల ఒక ఊరికి. చిక్కుడుకాయ కూర తినడానికి."

"మనింట్ల లేదా?" అన్నాడు చిన్నోడు నోట్లో ఇడ్లీ పెట్టుకుని.

"కూర కోసం నా డాన్స్ చూడవా?" అమ్ములు కళ్లలో నీళ్లు.

ఇద్దర్నీ దగ్గరకు లాక్కుని చెప్పాను. "నిన్న అమ్మ తప్పు చేసింది. ఊరందరినీ అన్నం ముందట ఆకలితో కూసోబెట్టింది. వాళ్లు కోప్పడలె, తిట్టలె. మా ఇంటికొచ్చి మాతోని తిను, అప్పుడు సరిపోతదన్నరు. నేను తింటేనే వాళ్లకు వంతెన. నీ డాన్స్ ఇంటికొచ్చినంక నా ఒక్కదానికే చేసి చూపించు, ఎన్నిసార్లు చేసినా చూస్త. ఆ కూర మాత్రం నా బదులు ఇంకెవరూ తినలేరు బిడ్డా."